127 యార్డ్ సేల్

127 యార్డ్ సేల్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ప్రతి సంవత్సరం ఆగష్టు నెల మొదటి గురువారం నాడు మొదలై ఆదివారం వరకు నాలుగు రోజులపాటు జరిగే పాత వస్తువుల సంత. ఉత్తరాన మిషిగన్ రాష్ట్రంలోని అడిసన్ గ్రామం నుండి దక్షిణాన అలబామా రాష్ట్రంలోని గాడ్స్‌డెన్ పట్టణం వరకు, ఆరు రాష్ట్రాల మీదుగా, సుమారు 690 మైళ్ళ (1,110 కిలోమీటర్ల) పొడవున రోడ్డుకు ఇరువైపులా ఇది సాగుతుంది. హైదరాబాదులో బయలుదేరి విశాఖపట్నం మీదుగా భువనేశ్వర్ చేరడానికి ఎంత దూరమో దాదాపు అంత దూరం. అందువలననే దీనిని "ప్రపంచంలో అతి పొడవైన యార్డ్ సేల్" అని కూడా వ్యవహరిస్తారు. సంతలో అమ్మేవారిలో అధికులు రోడ్డు పక్కన నివసించే సామాన్య గృహస్థులు. కొనేవారిలో అధికులు ఈ నాలుగు రోజుల కోసం సెలవు పెట్టుకొని దూరప్రాంతాల నుండి కార్లలో వచ్చే యాత్రికులు.

పేరు, సంబంధిత పదాలు

ఇంటి ముందు లేదా వెనుక ఉండే ఖాళీ స్థలాన్ని అమెరికాలో యార్డ్ అంటారు. మన వాడుకలో దొడ్డి, వాకిలి, పెరడు అనే మాటలన్నీ కలిపితే వచ్చే అర్థం దీనికి సరిపోతుంది. ఇంటివారు తమకు అక్కరలేని సామాను ఈ వాకిట్లో బల్లలపై పరచి అమ్మితే అది యార్డ్ సేల్. కారు నిలిపే కొట్టంలో పెట్టి అమ్మితే గరాజ్ సేల్. ఈ రెండింటికీ అంతకు మించిన భేదం లేదు. ఇల్లు మారేటప్పుడు జరిపేది మూవింగ్ సేల్.

ఎస్టేట్ సేల్ మాత్రం వేరు. ఇంటి యజమాని మరణించిన తరువాత గాని, వృద్ధాశ్రమానికి వెళ్ళిన తరువాత గాని ఇంటిలోని సమస్తాన్ని, గరిటెలు, తువ్వాళ్ళతో సహా, వెల కట్టి అమ్మివేయుటను ఎస్టేట్ సేల్ అందురు. దీనిని తరచుగా కమిషన్ తీసుకొనే సంస్థలు నడుపుతాయి. ఫ్లీ మార్కెట్ అనేది ఒకే చోట క్రమం తప్పకుండా జరిగే పాతసామానుల అంగడి. అక్కడ అమ్మేవారు వ్యాపారులు.

ఈ సంతలలో "యాంటిక్", "వింటేజ్" అనే రెండు మాటలు విరివిగా వినిపిస్తాయి. నూరేళ్ళు దాటిన వస్తువును యాంటిక్ అనడం అమెరికా సుంకాల శాఖ పాటించే నియమం. వింటేజ్ అనే మాటకు చట్టపరమైన నిర్వచనం లేదు. సాధారణంగా ఇరవై ఏళ్ళు దాటి, తన కాలపు రూపురేఖలు స్పష్టంగా కలిగిన వస్తువును ఆ పేరుతో పిలుస్తారు. అమ్మేవారు మాత్రం అంతకన్నా ఉదారంగా వాడుతారు.

చరిత్ర

1956లో అమెరికా ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం దేశమంతటా అంతర్రాష్ట్ర మహారహదారులు నిర్మించబడినవి. వీటిలో 75వ నంబరు రహదారి ఒహాయో, కెంటకీ, టెన్నెసీ రాష్ట్రాల గుండా, పాత 127వ నంబరు రోడ్డుకు దాదాపు సమాంతరంగా పోతుంది. ప్రయాణికులు కొత్త దారిని పట్టడంతో పాత రోడ్డు మీది ఊళ్ళలో పెట్రోలు బంకులు, చిన్న హోటళ్ళు, బసలు గిరాకీ కోల్పోయాయి. రైలు మార్గం మళ్ళించినప్పుడు పాత స్టేషను చుట్టూ ఉన్న ఊరికి ఏ గతి పడుతుందో ఈ ఊళ్ళకు అదే గతి పట్టింది.

టెన్నెసీ రాష్ట్రంలోని ఫెంట్రెస్ కౌంటీకి అప్పటి ముఖ్య పాలనాధికారి అయిన మైక్ వాకర్ ఈ పరిస్థితికి విరుగుడుగా 1987లో ఈ సంతను తలపెట్టాడు. మహారహదారిని విడిచి పాత రోడ్డున వచ్చేవారికి చూడదగినవి, కొనదగినవి ఉన్నాయని నిరూపించుట ఆయన ఉద్దేశం. వీక్షణ స్థలాలు, ఉద్యానవనాలు ఎన్ని ఉన్నా ప్రయాణికులు ఆగరు గాని, వాకిట్లో బల్ల వేసి పాత సామాను పెడితే తప్పక ఆగుతారన్నది దీనిలోని కిటుకు. మొదట ఇది టెన్నెసీలోని జేమ్స్‌టౌన్, కెంటకీలోని కోవింగ్టన్ పట్టణాల మధ్య జరిగింది. తరువాత దక్షిణాన గాడ్స్‌డెన్ వరకు, ఉత్తరాన ఒహాయో, మిషిగన్ రాష్ట్రాలకు విస్తరించింది. జేమ్స్‌టౌన్‌లోని ఫెంట్రెస్ కౌంటీ వాణిజ్య మండలి దీనికి ప్రధాన నిర్వాహక సంస్థ. అయితే నిర్వహణ అనే మాటను ఇక్కడ పరిమితార్థంలోనే గ్రహించవలెను. ఎవరి వాకిలి వారిదే, ఎవరి ధర వారిదే. మొత్తం సంతకు ప్రవేశ రుసుము లేదు, ఒక ద్వారం లేదు.

మార్గం

అడిసన్ నుండి దక్షిణంగా వచ్చే మార్గం ఒహాయో రాష్ట్రంలో చదునైన మొక్కజొన్న, సోయా పొలాల నడుమ బ్రయన్, వాన్ వర్ట్, సెలీనా, గ్రీన్‌విల్, ఈటన్, హామిల్టన్ పట్టణాల మీదుగా సిన్సినాటి నగరం చేరుతుంది. ఒహాయో నది దాటగానే అవతలి ఒడ్డున కోవింగ్టన్. అక్కడి నుండి కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్, 1774లో ఏర్పడిన హారడ్స్‌బర్గ్, డాన్‌విల్, లిబర్టీ, రసెల్ స్ప్రింగ్స్ పట్టణాలు వస్తాయి. దారి క్రమంగా కొండల్లోకి ప్రవేశిస్తుంది.

టెన్నెసీ భాగం ఈ సంతకు గుండెకాయ వంటిది. బర్డ్స్‌టౌన్ వద్ద, 1945లో నోబెల్ శాంతి బహుమతి పొందిన కోర్డెల్ హల్ జన్మస్థలం కలదు. పాల్ మాల్ గ్రామంలో మొదటి ప్రపంచ యుద్ధ వీరుడు ఆల్విన్ యార్క్ ఇల్లు, ఆయన నడిపిన పిండిమర చూడవచ్చును. జేమ్స్‌టౌన్‌లో రచయిత మార్క్ ట్వేన్ తల్లిదండ్రులు కొంతకాలం నివసించి, 1835లో ఆయన పుట్టుకకు కొన్ని నెలల ముందు మిస్సోరికి తరలి వెళ్ళారు. (కెంటకీలో ఇదే రోడ్డు మీద మరొక జేమ్స్‌టౌన్ ఉన్నది. వర్జీనియాలోని ప్రసిద్ధ జేమ్స్‌టౌన్‌తో ఈ రెండింటికీ సంబంధం లేదు.) తరువాత క్రాస్‌విల్, పైక్‌విల్, డన్లాప్ పట్టణాల మీదుగా సెక్వాచీ లోయ దాటి చాటనూగా చేరతారు. 127వ నంబరు రోడ్డు అక్కడితో ముగుస్తుంది గాని సంత ముగియదు. లుకౌట్ పర్వతం మీది సుందర మార్గాన జార్జియా రాష్ట్రపు కొసను తాకి, అలబామాలో ప్రవేశించి గాడ్స్‌డెన్ వరకు పోతుంది.

ఈ దారిలో గడియారపు వేళ మూడు పర్యాయాలు మారుతుంది. కెంటకీ దక్షిణ భాగంలో తూర్పు కాలమానం నుండి మధ్య కాలమానానికి, చాటనూగా సమీపంలో మరల తూర్పు కాలమానానికి, అలబామాలో తిరిగి మధ్య కాలమానానికి మారవలెను. తెల్లవారుజామునే చేరవలెనని బయలుదేరేవారికి ఈ ఒక గంట తేడా చిన్న విషయం కాదు.

సంత జరిగే తీరు

నాలుగు రోజులలో 690 మైళ్ళు చూడడం ఆచరణలో సాధ్యం కాదు. అనుభవజ్ఞులైన యాత్రికులు వంద, నూటయాభై మైళ్ళ భాగాన్ని ఎంచుకొని, ఏదో ఒక పట్టణంలో బస కుదుర్చుకొని, అక్కడి నుండి అటూ ఇటూ తిరుగుతారు. దారిలోని చిన్న ఊళ్ళలో బసలు తక్కువ కాబట్టి చాలా నెలల ముందే గదులు నిండిపోతాయి. కొందరు పొలాలలో గుడారాలు వేసుకొంటారు. ఖాళీ ట్రెయిలరు తగిలించుకొని వచ్చేవారు కూడా ఉంటారు. వారిని చూడగానే అమ్మేవారికి ఉత్సాహం కలుగుతుంది.

వాకిళ్ళే కాక, రైతులు తమ పొలాలను, చర్చిలు తమ ఆవరణలను వర్తకులకు అద్దెకు ఇస్తాయి. ఇటువంటి చోట వందల కొద్దీ గుడారాలు ఒకచోట చేరతాయి. ఇక్కడ సామాను మేలైనది గాని, ధర కూడా తెలిసినవాడు చెప్పిన ధర. చవకగా దొరకాలంటే గుంపు లేని ఇంటి వాకిలిలోనే వెదకవలెను. కొనేవారిలో కూడా వర్తకులు ఉంటారు. వారు సూర్యోదయానికి ముందే చేతిదీపాలతో వచ్చి మంచివి ఏరుకొని పోతారు. వీరిని హాస్యంగా "తొలిపక్షులు" అంటారు. గురువారం ఉదయం వస్తువులు ఎక్కువ, బేరం తక్కువ. ఆదివారం మధ్యాహ్నం ఇది తలకిందులవుతుంది. మిగిలినది మోసుకొని లోపల పెట్టడం ఇష్టం లేని గృహస్థు పెట్టె మొత్తాన్ని ఒక డాలరుకే ఇచ్చివేస్తాడు.

బేరమాడడం ఇక్కడ తప్పు కాదు, అయితే దానికొక మర్యాద ఉన్నది. వస్తువును హీనపరచి మాట్లాడితే పని జరగదు. ఆ వస్తువు అమ్మేవారి తల్లిదో అమ్మమ్మదో అయి ఉండవచ్చును. "దీనికి మీరు తగ్గించి చెప్పగల ధర ఎంత?" అని అడగడం, రెండు మూడు వస్తువులు కలిపి ఒక ధర అడగడం పద్ధతి. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోవాలి. అయిదు డాలర్ల వస్తువును రెండుకు బేరమాడి నూరు డాలర్ల నోటు తీయడం అమర్యాదగా భావిస్తారు.

దొరికే వస్తువులు, వాటి వయసు తెలుసుకొనే విధానం

బట్టలు, పిల్లల ఆటవస్తువులు, పనిముట్లు, పాత పుస్తకాలు అన్నిచోట్లా ఉండేవే. సేకరణకర్తలు వెదికేవి వేరు. ఆ వస్తువులను గుర్తించడానికి నిపుణత కన్నా చరిత్ర జ్ఞానం ఎక్కువగా ఉపయోగపడుతుంది. వస్తువు మీద ఉండే చిన్న ముద్ర, అక్షరం, అతుకు దాని కాలాన్ని చెబుతాయి.

విదేశాలలో తయారైన పింగాణీ అడుగున దేశం పేరు ఉందా లేదా అన్నది మొదట చూడవలెను. 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం, మరుసటి ఏడాది నుండి అమెరికాకు దిగుమతి అయ్యే వస్తువులపై తయారైన దేశం పేరు ముద్రించడం తప్పనిసరి అయ్యింది. జపాను వస్తువులపై 1921 వరకు "నిప్పాన్" అని, తరువాత "జపాన్" అని వేసేవారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ దేశం 1952 వరకు అమెరికా సేనల అధీనంలో ఉన్నప్పుడు "ఆక్రమిత జపానులో తయారైనది" అనే ముద్రతో బొమ్మలు, కప్పులు వచ్చాయి. ఆ ముద్ర ఉన్న వస్తువుకు కాలనిర్ణయం చాలా తేలిక. ముద్రలకు నకళ్ళు కూడా వచ్చాయన్నది మరువరాదు.

అమెరికాలో తయారైన డబ్బాలు, ప్రకటన పలకలపై చిరునామా ఉంటే అందులో జిప్ కోడ్ ఉన్నదేమో చూడాలి. మన పిన్ కోడ్ వంటి ఈ సంఖ్యను 1963లో ప్రవేశపెట్టారు. రాష్ట్రాల పేర్లకు రెండక్షరాల సంకేతాలు కూడా అదే సంవత్సరం వచ్చాయి. కనుక జిప్ కోడ్ ఉన్న డబ్బా "1940 నాటిది" అని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. గీతల సంకేతం, అనగా బార్ కోడ్, దుకాణంలో మొదటిసారి వాడినది 1974లో.

తేదీ ఉన్నంత మాత్రాన అది తయారీ తేదీ కానక్కరలేదు. దీనికి మేసన్ జాడీలు మంచి ఉదాహరణ. పండ్లు, కూరగాయలు నిలవ చేసే ఈ గాజు జాడీలకు మర మూత అమర్చే విధానంపై జాన్ మేసన్ 1858 నవంబరు 30న పేటెంటు పొందాడు. ఆ తేదీని జాడీపై ఉబ్బెత్తు అక్షరాలతో పోతపోసేవారు. పేటెంటు గడువు తీరిన తరువాత కూడా అనేక కంపెనీలు అనేక దశాబ్దాలపాటు అదే తేదీతో జాడీలు చేశాయి. ఆ తేదీ చూసి, అంతర్యుద్ధానికి ముందటి వస్తువు దొరికిందని సంతోషించేవారు ప్రతి ఏటా ఉంటారు.

1930లలో ఆర్థిక మాంద్యం కాలంలో అచ్చులలో చౌకగా పోసిన గులాబి, ఆకుపచ్చ, తేనె రంగుల గాజు పళ్ళాలను "డిప్రెషన్ గ్లాస్" అంటారు. ధాన్యపు పొట్లాలలోనూ, సినిమా హాళ్ళలోనూ వీటిని ఉచితంగా పంచేవారు. ఉచితంగా ఇచ్చినదానికి నేడు విలువ రావడం విచిత్రమే. ఆనాటి ఆకుపచ్చ గాజులో కొన్ని రకాలలో యురేనియం స్వల్పంగా కలిపారు. అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసే చిన్న దీపం చూపితే ఈ గాజు పచ్చగా వెలుగుతుంది. సంతలో పట్టపగలు కొందరు పళ్ళాలను పెట్టె చీకటిలో పెట్టి దీపం వేసి చూడడానికి కారణం ఇదే.

కార్నింగ్ గాజు సంస్థ 1915లో మొదలుపెట్టిన పైరెక్స్ పాత్రలలో, 1940లలో వచ్చిన పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగుల నాలుగు గిన్నెల సెట్టుకు ఆదరణ ఎక్కువ. ఒకదానిలో ఒకటి ఇమిడే ఈ గిన్నెలలో ఒకటి పగిలిపోవడం సహజం. ఆ లోటు గిన్నె కోసం ఊరూరా వెదికేవారు కలరు. గిన్నెలు కడిగే యంత్రంలో వేసిన వాటికి రంగు వెలసిపోతుంది. అటువంటివి చవకగా వస్తాయి గాని సేకరణకు పనికిరావు.

దుక్క ఇనుప పెనములలో పెన్సిల్వేనియా రాష్ట్రం ఈరీ పట్టణంలోని గ్రిస్‌వోల్డ్ సంస్థవి ప్రసిద్ధం. 1865లో ప్రారంభమైన ఆ సంస్థ పోతశాల 1957లో మూతపడింది. పాత పెనముల లోపలి భాగాన్ని పోత పోసిన తరువాత నునుపుగా సానబట్టేవారు. ఇప్పటి పెనములు చాలావరకు గరుకుగా ఉంటాయి. వేలితో తడిమితే తేడా తెలుస్తుంది. తుప్పు పట్టిన పెనమును శుభ్రం చేసి, నూనె రాసి కాల్చి తిరిగి వాడవచ్చును. పగిలినదానిని బాగుచేయలేము. పెనమును వేలాడదీసి చెక్క గరిటెతో మెల్లగా తట్టితే గంట వలె మోగాలి. మొద్దుగా శబ్దం వస్తే పగులు ఉన్నట్లు అనుమానించాలి. చాటనూగాకు సమీపంలోని సౌత్ పిట్స్‌బర్గ్ పట్టణంలో 1896లో మొదలైన లాడ్జ్ పోతశాల మాత్రం ఇంకా పని చేస్తున్నది.

కెంటకీ, టెన్నెసీ కొండప్రాంతపు ప్రత్యేకత బొంతలు. పాత గుడ్డముక్కలను ఆకృతులుగా కూర్చి చేతితో కుట్టిన ఈ బొంతలు మన పల్లెలలోని బొంతలకు బంధువులే. 1930, 40లలో పిండి, పశువుల దాణా వచ్చే నూలు సంచులను పేద కుటుంబాల స్త్రీలు గౌనులుగా, బొంతలుగా కుట్టుకోవడం గమనించి, కంపెనీలు ఆ సంచులపై పువ్వుల అచ్చులు వేయించాయి. ఏ అచ్చు కావాలో భార్య చెబితే, భర్త ఆ సంచి దాణా కొనుక్కొని వచ్చేవాడు. అటువంటి గుడ్డ ఉన్న బొంతను గుర్తించడానికి నేత ముతకదనం, సంచి కుట్టు విప్పిన చోట వరుసగా మిగిలిన రంధ్రాలు ఆధారాలు.

పిల్లల రేకు టిఫిన్ పెట్టెలు మరొక ఆకర్షణ. అల్లాదీన్ సంస్థ 1950లో హోపలాంగ్ కాసిడీ అనే కౌబాయ్ కథానాయకుని బొమ్మతో పెట్టె విడుదల చేయడంతో వీటికి ప్రచారం పెరిగింది. ఆ సంస్థ టెన్నెసీ రాజధాని నాష్‌విల్‌లో ఉండేది కనుక ఈ ప్రాంతపు అటకలపై అవి దొరకడంలో ఆశ్చర్యం లేదు.

ముద్రలు చెప్పలేని విషయం ఒకటి ఉన్నది. అది ఆ వస్తువు ఎవరిది, ఎక్కడ వాడారు అన్న సంగతి. బొంత కుట్టిన స్త్రీ పేరు, ఊరు తెలిస్తే అది స్థానిక చరిత్రకు ఆధారం అవుతుంది. తెలియకపోతే అందమైన దుప్పటి మాత్రమే. ఫొటోల విషయంలో ఇది మరీ నిజం. డబ్బాల నిండా ఎవరివో తెలియని కుటుంబ ఛాయాచిత్రాలు చిల్లర డబ్బులకు అమ్ముడవుతుంటాయి. వెనుక పేరు రాసి ఉన్నవి అరుదు. ఇంటివారు స్వయంగా అమ్మే యార్డ్ సేల్‌లో అడిగితే చెప్పే మనిషి ఎదురుగా ఉంటాడు. ఎస్టేట్ సేల్‌లో ఆ మనిషి ఉండడు. అందుకే జాగ్రత్త కలిగిన సేకరణకర్తలు కొన్నచోటనే విక్రేత చెప్పిన వివరాలను చీటీపై రాసుకొని వస్తువుతో ఉంచుతారు.

పేరుపొందిన లాభాలు, నిరాశలు

యార్డ్ సేల్ యాత్రికులందరినీ నడిపించేవి కొన్ని నిజమైన కథలు. ఇవి 127 మార్గంలో జరిగినవి కావు గాని, అక్కడ ప్రతి బల్ల దగ్గరా వినిపిస్తాయి. 1989లో ఒక వ్యక్తి పెన్సిల్వేనియాలోని ఆడమ్స్‌టౌన్ ఫ్లీ మార్కెట్‌లో చట్రం నచ్చి ఒక చిత్రపటాన్ని 4 డాలర్లకు కొన్నాడు. చిత్రం వెనుక మడతపెట్టిన కాగితం ఒకటి బయటపడింది. అది 1776 జూలై 4 రాత్రి ఫిలడెల్ఫియాలో జాన్ డన్లాప్ అచ్చువేసిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ప్రతులలో ఒకటి. 1991 వేలంలో అది 24.2 లక్షల డాలర్లకు, 2000లో మరల 81.4 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 2007లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కుటుంబం 3 డాలర్లకు కొని, ఇంట్లో అలంకారంగా ఉంచుకొన్న తెల్లని గిన్నె, చైనాలో ఉత్తర సోంగ్ వంశం నాటి వెయ్యేళ్ళ డింగ్ పింగాణీ అని తేలింది. అది 2013లో 22 లక్షల డాలర్లకు పైగా పలికింది. కనెక్టికట్ రాష్ట్రపు యార్డ్ సేల్‌లో 35 డాలర్లకు కొన్న మరొక చిన్న గిన్నె 15వ శతాబ్దపు మింగ్ వంశ కాలానిది. దానికి 2021లో 7 లక్షల 20 వేల డాలర్ల పైచిలుకు వచ్చింది.

ఒక పాత లోహపు వ్యాపారి సుమారు 14,000 డాలర్లకు కొన్న బంగారు గుడ్డు కథ ఇంకా ఉత్కంఠభరితమైనది. దానిని కరిగించి లాభానికి అమ్మాలని ఆయన అనుకొన్నాడు. బంగారం విలువకు మించి పెట్టుబడి పెట్టడం వలన ఎవరూ కొనలేదు. 2012లో అంతర్జాలంలో వెదికినప్పుడు అది రష్యా చక్రవర్తి మూడవ అలెగ్జాండరు 1887లో రాణికి బహూకరించిన ఫాబెర్జే గుడ్డు అని తెలిసింది. లెక్క తప్పడం వలన ఒక కళాఖండం మూసలో పడకుండా మిగిలింది.

వెలుగు చూడని కథలు ఇంతకు అనేక రెట్లు. 2000లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఒక వ్యక్తి గరాజ్ సేల్‌లో 45 డాలర్లకు గాజు ఛాయాచిత్ర పలకలు కొన్నాడు. అవి విఖ్యాత ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ తీసినవని, విలువ 20 కోట్ల డాలర్లని 2010లో ప్రకటించారు. ఆడమ్స్ ధర్మకర్తల సంస్థ దీనిని తిరస్కరించి దావా వేసింది. 2011లో రాజీ కుదిరింది. ఆడమ్స్ పేరు వాడకుండానే ప్రతులు అమ్ముకోవలసి వచ్చింది. పదేళ్ళ పరిశోధన ఆ ఒక్క పేరు కోసమే జరిగింది.

దొరికినది ఎవరిది?

విలువ తెలియక అమ్మినవారికి తిరిగి అడిగే హక్కు ఉన్నదా అన్న ప్రశ్న పాతదే. 1885లో విస్కాన్సిన్ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం ముందుకు ఒక వ్యాజ్యం వచ్చింది. ఒక స్త్రీ తనకు దొరికిన రాయి ఏమిటో తెలియక నగల వర్తకునికి ఒక డాలరుకు అమ్మింది. అది సానబట్టని వజ్రం. విలువ సుమారు 700 డాలర్లు. అమ్మే సమయానికి అది వజ్రమని ఇద్దరికీ తెలియదు, మోసం జరగలేదు, కాబట్టి అమ్మకం చెల్లుతుందని తీర్పు వచ్చింది. 1981లో వాషింగ్టన్ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం ఇటువంటిదే మరొక వివాదం తేల్చింది. వేలంలో 50 డాలర్లకు కొన్న పాత ఇనుప పెట్టె లోపలి అర తెరిపిస్తే 32,207 డాలర్లు దొరికాయి. తాళం వేసిన పెట్టెను లోపల ఉన్నదానితో సహా అమ్మినట్లే అని కోర్టు కొన్నవారి పక్షాన చెప్పింది.

దొంగ సొత్తు విషయంలో న్యాయం మారుతుంది. వెస్ట్ వర్జీనియా ఫ్లీ మార్కెట్‌లో 7 డాలర్లకు దొరికిందన్న రెన్వా చిత్రం 2012లో వేలానికి వచ్చినప్పుడు, అది 1951లో బాల్టిమోర్ కళాప్రదర్శనశాల నుండి దొంగిలించబడినదని కాగితాలు బయటపడ్డాయి. 2014లో న్యాయమూర్తి దానిని ప్రదర్శనశాలకు ఇప్పించారు. కొన్నవారి సద్భావం దొంగ సొత్తుకు హక్కు కల్పించదు.

చట్టం ఇంతవరకే చెబుతుంది. ముసలి గృహిణి రెండు డాలర్లు చెప్పిన వస్తువు రెండు వందలు చేస్తుందని తెలిసిన కొనుగోలుదారు నోరు విప్పాలా వద్దా అన్నది సేకరణకర్తల మధ్య తెగని వాదం. తెలుసుకోవడానికి తాము వెచ్చించిన ఏళ్ళ శ్రమకు అది ప్రతిఫలమని వర్తకులు అంటారు. అదే వర్తకుడు "దీనికేమీ రాదు" అని అబద్ధం చెప్పి కొంటే అది వేరు సంగతి. మౌనానికీ అబద్ధానికీ మధ్య ఉన్న ఈ గీతను న్యాయస్థానాలు కూడా గుర్తిస్తాయి.

జాగ్రత్తలు

లోపం కారణంగా కంపెనీ వెనుకకు పిలిపించిన వస్తువులను తిరిగి అమ్మడం 2008 చట్టం ప్రకారం అమెరికాలో నేరం. యార్డ్ సేల్‌కు కూడా ఇది వర్తిస్తుంది. పక్క జారే పసిపిల్లల మంచాల అమ్మకం 2011 నుండి నిషిద్ధం. ఇళ్ళ రంగులలో సీసము వాడకాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు రంగు వేసిన ఆటవస్తువులు, కుర్చీలు పిల్లలకు ఇవ్వరాదు. పాత పెనములలో కొందరు తూటాల కోసం, గాలపు బరువుల కోసం సీసం కరిగించేవారు. అనుమానం ఉన్న పెనమును వంటకు వాడరాదు. ఆఫ్రికా ఏనుగు దంతపు వస్తువుల వర్తకంపై 2016 నుండి దాదాపు పూర్తి నిషేధం ఉన్నది.

తెలుగువారు, యార్డ్ సేల్

అమెరికాలో చదువుకోవడానికి, ఉద్యోగాలకు వెళ్ళిన తెలుగువారికి మొదటి మంచం, మొదటి బల్ల తరచుగా మూవింగ్ సేల్‌లోనే దొరుకుతాయి. వేసవిలో పిల్లల వద్దకు వెళ్ళే తల్లిదండ్రులకు శనివారం ఉదయం యార్డ్ సేల్ చూడడం ఒక కాలక్షేపం. వాడిన వస్తువు కొనడాన్ని చిన్నతనంగా భావించే అలవాటు వలన మొదట సంకోచించినా, పుస్తకాల పెట్టె దగ్గర ఆ సంకోచం తొలగిపోవడం కద్దు. హైదరాబాదులో ఆదివారం ఆబిడ్స్ కాలిబాటలపై పాత పుస్తకాలు వెదికినవారికి ఇది తెలిసిన విద్యే. మన వైపు గృహస్థు తన సామాను తానే వాకిట్లో పెట్టి అమ్మడం లేదు. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవారు, పాతసామానుల బండివారు ఆ పని చేస్తారు.

అమెరికాలో కొన్నవాటిని స్వదేశానికి తేదలచినవారు రెండు సంగతులు గమనించాలి. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కనుక పాత రేడియోలు, మిక్సర్లు తగిన ట్రాన్స్‌ఫార్మరు లేకుండా పెడితే కాలిపోతాయి. మోటారు ఉన్నవాటిలో కొన్ని ట్రాన్స్‌ఫార్మరు ఉన్నా సరైన వేగంతో తిరగవు. ఇక ఇనుప పెనము ఒక్కటే రెండు మూడు కిలోలు ఉంటుంది, విమానంలో సామాను బరువుకు పరిమితి ఉన్నది. బొంతలు, గాజు గిన్నెలు కొన్నవారు గిన్నెలను బొంతలో చుట్టి తెస్తుంటారు.